బండి తాళం ఎవరి జేబులో?

మన సంఘాల్లో, సంస్థల్లో ఊళ్ళు తిరిగి పనిచేసే ఏ కార్యకర్తనైనా పట్టుకుని ‘నిన్న ఆ ఊరికి ఎట్లా వెళ్ళావు?’ అని అడిగి చూడండి. మీటింగులో ఏం జరిగిందో చెప్పడానికి పది నిమిషాలు పడితే, వెళ్ళి రావడం గురించి చెప్పడానికి అరగంట పడుతుంది. మండల కేంద్రం దాకా బస్సు. అక్కణ్ణించి షేర్ ఆటో, అది నిండేదాకా ఎదురుచూపు. ఆటో ఆగిన చోటు నుంచి మూడు కిలోమీటర్ల నడక, కాదంటే ఎవరో ఒకరి బండి వెనక. తిరుగు ప్రయాణం ఇంకో కథ. ఆఖరి బస్సు ఐదున్నరకి. కూలికి పోయిన ఆడవాళ్ళు ఇంటికొచ్చేది ఆరింటికి. అంటే మనం ఎవరితో మాట్లాడాలని వెళ్తామో వాళ్ళు ఇల్లు చేరే వేళకి మనం బస్సులో ఉంటాం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. ‘పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు’ అని బస్సు ఎక్కిన ఆడవాళ్ళని వెక్కిరించేవాళ్ళ మాటలు వింటేనే తెలుస్తుంది, ఆ టికెట్టు లేని ప్రయాణం ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటోందో. అయినా బస్సు వెళ్ళే దారిలోనే, వెళ్ళే వేళకే వెళ్తుంది. మిగిలిన దారి, మిగిలిన వేళ ఎవరి దయ మీద ఆధారపడాలన్నది అట్లాగే ఉండిపోయింది.

ఈ సంచిక సంపాదకీయం ఒక శిక్షణ గురించి. మోటారు సైకిలు కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళ కోసం హైదరాబాదు శివార్లలో మూడు రోజులపాటు జరిగిన భద్రతా శిక్షణలో నేనూ చేరాను. హక్కుల పత్రికలో బండి పాఠాలేమిటని అనుకునే మిత్రులు కాస్త ఓపిక పట్టాలని కోరుతున్నాను.

నాకు యాభై దాటాయి. బండి నడిపిన అనుభవం లేదనలేను గానీ, ఉందని చెప్పుకునేంత కూడా లేదు. తొంభైల్లో నేను పనిచేసిన సంస్థ ఒక టీవీఎస్ ఫిఫ్టీ కొన్నది. నాలుగైదు వారాలు దాని మీద తిరిగాను. తర్వాత ‘ఆయన దూరం ఊళ్ళకి వెళ్ళాలి కదా’ అని దాన్ని ఒక మగ ఆర్గనైజరుకి ఇచ్చారు. ఆయనకి దూరం ఊళ్ళు ఎందుకు వచ్చాయంటే ఆయనకి బండి ఉంది కాబట్టి. ఆ తర్వాత పాతికేళ్ళపైన నా ప్రయాణమంతా వెనక సీటు మీదే. వెనక సీటు మీద మనిషి చాలా నేర్చుకుంటుంది. ముందున్న మనిషి ఎప్పుడు విసుక్కుంటాడో వీపు చూసి చెప్పగలదు. ‘ఇంకో పావుగంట ఆగగలరా?’ అని అడగడానికి ఎంత ఉపోద్ఘాతం కావాలో తెలుసుకుంటుంది. బండి నడపడం మాత్రం నేర్చుకోదు.

మా బ్యాచిలో పన్నెండుమందిమి. ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒక అంగన్‌వాడీ టీచరు, ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు, భర్త పోయాక టిఫిన్లు చేసి హాస్టళ్ళకి అందించే ఆవిడ, కాలేజీ పిల్లలు ముగ్గురు, మిగతా అంతా మనలాంటి సంస్థల వాళ్ళు. బురఖాలో వచ్చిన అమ్మాయి ఒకరున్నారు. పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఇళ్ళల్లో మోటారు సైకిలు ఉంది. నడపడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక ఆశా కార్యకర్త చెప్పిన మాట విని అందరం నవ్వాం గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ‘బండికి కిస్తీలు నా పైసలతోనే కట్టినమక్కా. తాళం మాత్రం ఆయన జేబులనే ఉంటది. పండుకున్నప్పుడు గూడ.’

శిక్షణ ఇచ్చింది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. అందరినీ ‘అక్కా’ అనే పిలిచింది, కాలేజీ పిల్లల్ని కూడా. మొదటి రెండు గంటలూ ఇంజను స్టార్ట్ చేయనివ్వలేదు. బండిని ఎడమ పక్కనుంచి పట్టుకుని తోయించింది, ఎందుకంటే కుడి పక్క సైలెన్సరు కాలుతుంది. స్టాండు తీయడం, వేయడం. పడుకోబెట్టిన బండిని లేపడం. నూటపది కిలోల బండిని ఆడది లేపలేదని మా అందరికీ గట్టి నమ్మకం. చేతులతో లాగితే నిజంగానే లేవదు. వీపుని సీటుకి ఆనించి, మోకాళ్ళు వంచి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక పట్టీ పట్టుకుని చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడిస్తే లేచింది. నీళ్ళ బిందెలెత్తిన నడుములు, బస్తాలు మోసిన కాళ్ళు మనవి. బలం లేక కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక.

క్లచ్ సంగతి ఓపికగా నేర్పింది. పూర్తిగా పట్టుకుంటే ఇంజనుకీ చక్రానికీ సంబంధం లేదు, పూర్తిగా వదిలితే రెండూ ఒకటి. మధ్యలో ఒక చోటుంది. అక్కడ బండి మెల్లగా, తనంతట తాను కదులుతుంది. ఆ చోటు ఎక్కడో చెవితో, వేళ్ళతో పట్టుకోవాలి. యాక్సిలరేటరు ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కదానితోనే, రెండు కాళ్ళూ నేలకి ఆనిస్తూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవైసార్లు నడిపించింది. అందరి బండ్లూ ఆగిపోయాయి. ఆగిపోయిన ప్రతిసారీ మాలో ఎవరో ఒకరు ‘సారీ’ అంటూనే ఉన్నారు. ఆ అమ్మాయి చివరికి, ‘బండికి సారీ చెప్పక్కర్లేదక్కా, క్లచ్ పట్టి మళ్ళీ స్టార్ట్ చేయండి చాలు’ అన్నది.

రెండో రోజు ముగ్గుపిండితో నేల మీద పెద్ద ఎనిమిది గీసింది. ఆర్టీఏ ఆఫీసులో లైసెన్సు పరీక్షకి తిప్పించే ఎనిమిదే అది. అందరం ముందు చక్రం కిందికే చూస్తున్నాం, గీత తొక్కుతామేమోనని. చక్రాన్ని చూస్తే బండి ఊగుతుంది, పడుతుంది. గుంటని చూస్తే గుంటలోకే పోతుంది. తల ఎత్తి, మెడ తిప్పి, మనం చేరాల్సిన చోటుని చూస్తే బండి దానంతటదే అటు తిరుగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. చూపు తిరిగితే భుజాలు, వాటితో చేతులు తిరుగుతాయి. ఇంత చిన్న సంగతి మాకు పట్టుబడడానికి ఒక పూట పట్టింది. తల దించుకుని నడవమని, ఎటూ చూడకుండా ఇంటికి రమ్మని ఏడేళ్ళ వయసు నుంచీ విన్నవాళ్ళం. తల ఎత్తి దూరంగా చూడు, అద్దాల్లో చూడు, అద్దంలో కనబడని పక్కకి మెడ తిప్పి చూడు, ఎదుటివాడి కళ్ళలోకి చూసి నిన్ను గమనించాడో లేదో తెలుసుకో అని ఒక శిక్షకురాలు అరిచి చెప్తుంటే మెడలు మాట వినలేదు. బురఖా అమ్మాయి అందరికంటే ముందు ఎనిమిది తిప్పింది. ‘ఇట్ల సూసుడు నాకు అలవాటే, అన్ని దిక్కులా ఎవరున్నరో సూసుకుంటనే నడుస్త’ అన్నది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది బ్రేకు గురించి. ముందు బ్రేకు ముట్టుకుంటే బండి పల్టీ కొడుతుందని మనకి చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. శిక్షణలో అది మా చేతనే పరీక్ష పెట్టించింది. ముగ్గుగీత దగ్గర బ్రేకు వేయాలి. మొదట వెనకది ఒక్కటే, తర్వాత ముందుది ఒక్కటే, తర్వాత రెండూ కలిపి. ప్రతిసారీ బండి ఆగిన చోట ఒక ఇటుకముక్క పెట్టింది. వెనక బ్రేకు ఇటుకే అన్నిటికంటే దూరంగా ఉంది, అదీ చాలా దూరంగా. బ్రేకు పడగానే బండి బరువంతా ముందుకి వాలుతుంది, ముందు టైరుకి నేల మీద పట్టు పెరుగుతుంది, వెనకదానికి తగ్గుతుంది. అందుకే ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రానిదే. చటుక్కున నొక్కేస్తేనే, ఇసుక మీద నొక్కితేనే, హ్యాండిలు వంకర తిరిగి ఉన్నప్పుడు నొక్కితేనే ప్రమాదం. మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పిండాలి.

ఇంకో లెక్క చెప్పింది. నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. అడ్డంగా గేదె వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి సుమారుగా ఒక సెకను. అంటే బ్రేకు మొదలవకముందే 11 మీటర్లు అయిపోయాయి. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు, టిప్పరు నుంచి జారిన కంకర, మొదటి వాన పడ్డ తారురోడ్డు మీద తేలే జిగట: ఇవన్నీ టైరు పట్టుని తగ్గించేవే. వీటి మీద బ్రేకు వేయకూడదు, వీటికి ముందే వేగం తగ్గించుకోవాలి. మన ఊళ్ళ రోడ్లు ఎట్లా ఉంటాయో తెలిసిన మనిషి చెప్పిన పాఠాలివి.

ఈ మూడు రోజుల్లో ‘జాగ్రత్త’ అనే మాటని నేను కొత్త అర్థంలో విన్నాను. ఇన్నాళ్ళూ ఆ మాటకి మనం విన్న అర్థం ఒకటే: వెళ్ళొద్దు. చీకటి పడ్డాక వెళ్ళొద్దు, ఒక్కదానివే వెళ్ళొద్దు, ఆ దారిన వెళ్ళొద్దు. ఇక్కడ జాగ్రత్త అంటే వెళ్ళడం ఎట్లాగో తెలియడం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర జరిగిన ఘోరాన్ని మనం ఎవరం మరిచిపోలేదు. పని మీద వెళ్ళిన ఒక పశువైద్యురాలు తన స్కూటరు తీసుకోవడానికి వచ్చేసరికి టైరులో గాలి లేదు. ఆ తర్వాత జరిగింది మళ్ళీ రాయనవసరం లేదు. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగ్గది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన సంగతి 2022లో బయటికొచ్చింది. ఆ వారం పది రోజుల్లో ఆడపిల్లల కోసం వచ్చినన్ని జాగ్రత్తల జాబితాలు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఎంతమంది తండ్రులు కూతుళ్ళ స్కూటర్లకి తాళం వేసి పెట్టారో మా దగ్గరికి వచ్చిన ఫోన్లే చెప్పాయి. ఒక్క ఊళ్ళోనైనా రాత్రి పది తర్వాత టోల్‌గేటు దగ్గర పంక్చరు షాపు, దీపం, మనిషి ఉండేట్టు చూడాలని ఎవరైనా ఉత్తర్వు ఇచ్చారా? మా శిక్షణలో మూడో రోజు గంటసేపు టైరు గాలి చూడడం, ట్యూబులెస్ టైరుకి పంక్చరు వేయడం, చేతిపంపుతో గాలి కొట్టడం నేర్పారు. దానితో దుర్మార్గం ఆగిపోతుందని ఎవరూ అనలేదు. నేరం చేసినవాడిదే నేరం. కానీ ఆ గంటసేపు ఎవరూ మమ్మల్ని ఇంట్లో ఉండమనలేదు.

ఇక వెనక సీటు విషయం. మన దగ్గర బండి మీద ఆడవాళ్ళు ఎక్కువగా కనబడేది అక్కడే కాబట్టి దీన్ని వివరంగా చూడాలి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి నలభై నాలుగుమందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. ఆ ఏడు హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది అయితే, వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను బండి నడిపేవాళ్ళనీ, ఎక్కి కూర్చున్నవాళ్ళనీ ఇద్దర్నీ హెల్మెట్ పెట్టుకోమంటుంది. ఢిల్లీలో ఆడవాళ్ళకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉండేది. 2014లో దాన్ని తీసేసి, సిక్కు స్త్రీలకి మాత్రం ఉంచారు. ఆడవాళ్ళ తల తక్కువ పగులుతుందని ఎవరనుకున్నారో మరి! మన రాష్ట్రాల్లో మినహాయింపు రాతలో లేదు, చేతలో ఉంది. కొత్త బండితోపాటు ఒక హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. ఒక్కటే. అది ఎవరి తల మీద ఉంటుందో వీధిలో నిలబడి చూడండి. హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం సుమారు నూటికి 42 వంతులు, తలకి దెబ్బ తగిలే అవకాశం 69 వంతులు తగ్గుతాయని ఎన్నో దేశాల పరిశోధనల్ని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది. అదీ కింద పట్టీ బిగించి పెట్టుకుంటేనే. పట్టీ పెట్టని హెల్మెట్ మనకంటే ముందు ఎగిరిపోతుంది.

ఇక చీర. ఆ నియమాల్లోనే 123వది, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలని చెప్తుంది. బండి అందంగా కనబడాలని ఆ అడ్డుని పీకించేసే కుర్రాళ్ళు మనిళ్ళల్లోనే ఉన్నారు. ఒకవైపుకి కూర్చుని, ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని, కొంగు ఎగురుతుండగా వెళ్ళే తల్లి దేన్ని పట్టుకుని ఉన్నట్టు? రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోమంటే ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాట వస్తుంది. అంగన్‌వాడీ టీచరు తన అత్తగారికి ఈ సంగతి చెప్పాలంటే బండి నేర్చుకోవడంకంటే ఎక్కువ ధైర్యం కావాలన్నది.

మాతో చాలాకాలం కలిసి పనిచేసిన ఒక కార్యకర్త ఉంది. పేరు రాయను. 2016లో ఒక ఊళ్ళో బాల్యవివాహం ఆపడానికి వెళ్ళి, రాత్రి తిరిగి వస్తుండగా మరిదిగారి బండి మీద నుంచి స్పీడ్ బ్రేకరు దగ్గర పడిపోయింది. ఒకవైపుకి కూర్చుని ఉంది. తుంటి ఎముక విరిగింది. ఏడు నెలలు మంచం మీద ఉంది. ఆమె పనిచేస్తున్న సంస్థ, వాహనం సొంతంగా ఏర్పాటు చేసుకున్నది కాబట్టి తమ బాధ్యత లేదన్నది. ఆమెకి ఇచ్చేది గౌరవ వేతనం కాబట్టి ఉద్యోగి కూడా కాదన్నది. బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే. బీమా కంపెనీ ఏమీ ఇవ్వలేదు.

ఇది మనలో చాలామందికి తెలియని విషయం. కేవలం చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, వెనక కూర్చున్న మనిషికి ఆ పాలసీ కింద బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. రోడ్డున పోయే మనిషికి తగిలితే బీమా ఉంది. వెనక కూర్చున్న భార్యకి, చెల్లెలికి, తోటి కార్యకర్తకి లేదు, విడిగా డబ్బు కట్టి తీసుకుంటే తప్ప. నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా 2018లో తప్పనిసరి చేశారు. అది దక్కాలంటే బండి ఆ మనిషి పేరు మీద ఉండాలి, ఆ మనిషికి సరైన లైసెన్సు ఉండాలి. ఇప్పుడు చెప్పండి, బండి ఎవరి పేరు మీద ఉంటుంది? లైసెన్సు ఎవరికి ఉంటుంది? వెనక సీటు క్షేమమైన చోటని ఎవరన్నారు?

మా శిక్షణ గేర్లున్న బండి మీద జరిగింది. దీని గురించి మొదట్లో నాకూ అనుమానం ఉండేది, స్కూటీ మీద నేర్పితే పోతుంది కదా అని కొందరన్నారు కూడా. తొంభైల నుంచీ కంపెనీలు స్కూటీని ఆడపిల్లల బండిగా, గులాబీరంగు వేసి అమ్ముతూ వచ్చాయి. స్కూటర్ల వల్ల లక్షలమంది ఆడవాళ్ళకి కాళ్ళు వచ్చాయి, కాదనను. కానీ బీద ఇంట్లో, పల్లెటూరి ఇంట్లో రెండు బండ్లుండవు. ఉండేది ఒక్కటే, గేర్లున్నదే. లైసెన్సులో గేర్లు లేని బండికి ఒక తరగతి, గేర్లున్న బండికి ఇంకో తరగతి. గేర్లు లేనిదానికి తీసుకున్న లైసెన్సుతో వాకిట్లో ఉన్న బండిని నడపడానికి వీల్లేదు. తొమ్మిదిమంది ఇళ్ళల్లో బండి ఉండి ఎవరికీ నడపడం రాకపోవడానికి ఇది ఒక ముడి. స్కూటీ నేర్పితే ఆడవాళ్ళు స్కూటీ కొనుక్కునే రోజు కోసం ఆగాలి. గేర్లు నేర్పితే ఆ సాయంత్రమే ఇంటి బండి తాళం అడగొచ్చు.

తమిళనాడు ప్రభుత్వం 2018లో పనిచేసే ఆడవాళ్ళకి స్కూటరు ధరలో సగం, 25 వేలకి మించకుండా, ఇచ్చే పథకం పెట్టింది. బండ్లిచ్చే పథకాలు ఓట్ల లెక్కలో కనబడతాయి. నేర్పే పని కనబడదు. అదే తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991 తర్వాత జరిగింది మన పాత కార్యకర్తలకి గుర్తుండే ఉంటుంది. అక్షరాస్యతా ఉద్యమం నడిపిన అరివొళి ఇయక్కం, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ పూనికతో, చదువుతోపాటు సైకిలు నేర్పడం మొదలుపెట్టింది. క్వారీల్లో, పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళు వేలకొద్దీ నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు. ముందున్న కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అవే కావాలన్నారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఈ సంగతులన్నీ రాశారు. అవే రోజుల్లో, అదే అక్షరాస్యతా ఉద్యమంలోంచి మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. మనవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు, వాళ్ళు సైకిలెక్కారు. రెండూ ఎవరూ ఊహించినవి కావు, పలక పట్టిన చేతులే రెండూ చేశాయి. మన దగ్గర సైకిలు ఎందుకు ఉద్యమం కాలేదో ఆలోచించాల్సిన విషయం.

ఇదంతా రాయడానికి అసలు కారణానికి వస్తాను. మన సంస్థలు బాధిత స్త్రీల దగ్గరికి రాత్రీ పగలూ పంపేది ఆడ కార్యకర్తల్నే. ప్రాజెక్టు బడ్జెట్లలో జెండరు శిక్షణకి, కరపత్రాలకి, టీ బిస్కట్లకి పద్దులున్నాయి. ఆ కార్యకర్త అక్కడికి ఎట్లా చేరుతుందన్నదానికి ‘ప్రయాణ ఖర్చులు, బస్సు టికెట్టు చూపిస్తే’ అని ఒక్క పంక్తి ఉంటుంది. చాలా చోట్ల మగ ఉద్యోగికి పెట్రోలుకి కిలోమీటరు లెక్కన ఇస్తారు, అదే ఊరు తిరిగే ఆడ ఉద్యోగికి బస్సు చార్జీ ఇస్తారు. ఇప్పుడు ఆర్టీసీ ఉచితం కాబట్టి అదీ తగ్గించిన సంస్థలున్నాయని విన్నాను! ఉచిత ప్రయాణంతో మిగిలింది ఎవరికి?

బండి నేర్పడం కార్యకర్త సొంత సరదా కాదు, పనిలో భాగం. పని వేళల్లోనే నేర్పాలి, ఆదివారం కాదు. ఎల్‌.ఎల్‌.ఆర్. తీసుకున్నాక పర్మనెంటు లైసెన్సు పరీక్షకి కనీసం 30 రోజులు ఆగాలి, ఆ నెలలో ప్రాక్టీసుకి బండి దొరకాలి. మూడు రోజుల్లో నేర్చుకున్నది మూడు వారాలు ముట్టుకోకపోతే పోతుంది. సంస్థ బండి ఆఫీసు ఆవరణలో ఉంటే, దాని తాళం మేనేజరు సొరుగులో కాక గోడకి కొట్టిన మేకుకి వేలాడాలి. ఫీజులు, దళారీ అవసరం లేకుండా పక్కన వెళ్ళే మనిషి, తలకి సరిపోయే ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్లు రెండు, వెనక కూర్చునేవాళ్ళకి కూడా వర్తించే బీమా: ఇవి జీతంతోపాటు రాసివ్వాల్సినవి. విరాళాలిచ్చే సంస్థలు ఒప్పుకోవని ముందే అనుకోవద్దు. అడిగి కాదనిపించుకున్నవాళ్ళు నాకింకా కనబడలేదు, అడగనివాళ్ళే కనబడ్డారు.

బండి నేర్చుకోనని చెప్పే కార్యకర్తల మీద దీన్ని రుద్దకూడదు. చూపు సరిగా లేనివాళ్ళు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు, ఇష్టం లేనివాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఆటో డబ్బులు ఇవ్వాలి. ‘ఆమెకి బండి వచ్చు, నీకు రాదు’ అని ఉద్యోగాలు తీసేసే కొత్త సాకు కాకూడదు.

మా బ్యాచిలో పన్నెండుమందికి తొమ్మిదిమంది లైసెన్సు పరీక్ష పాసయ్యారు. ఒకరికి ఇంట్లో గొడవై మానేశారు. ఇద్దరు మళ్ళీ వెళ్తున్నారు. నర్సు సెకండ్‌హ్యాండు బండి తన పేరు మీద కొనుక్కుని, రాత్రి డ్యూటీకి దాని మీదే వెళ్తోంది. తాళం కథ చెప్పిన ఆశా కార్యకర్త పోయిన నెల ఫోను చేసింది. పురిటినొప్పులొస్తున్న అమ్మాయి ఇంటికి రాత్రి పదకొండింటికి తనే బండి మీద వెళ్ళి, 108 వచ్చేదాకా తోడుందట. తాళం ఇచ్చాడా అంటే, ‘నేను రెండో తాళం చేయించుకున్న’ అన్నది.

మీ సంస్థలో ఆడ, మగ కార్యకర్తలకి ప్రయాణ ఖర్చులు ఏ లెక్కన ఇస్తున్నారో, సంస్థ బండి ఉంటే దాన్ని ఎవరు నడుపుతున్నారో, విధుల్లో ప్రమాదం జరిగితే ఎవరు భరించారో మాకు రాయండి. సంస్థ పేరు వేయవద్దంటే వేయం. వచ్చిన వివరాలతో వచ్చే సంచికలో ఒక పట్టిక ప్రచురిస్తాం.